అంతిమదశ సేవల నాణ్యత - కొలమానాల పరిణామం: అనకాపల్లి ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
నయం కాని వ్యాధితో ఉన్నవారికి అందించే ఉపశమన సంరక్షణను దేనితో కొలవాలన్న ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. చరకసంహితలోని పరిచారక లక్షణాలు, మల్కాపురం శాసనంలోని ఆరోగ్యశాల, వలసపాలన కాలపు కుష్ఠు, క్షయ ఆశ్రమాలు, హైదరాబాదులో రూపుదిద్దుకున్న ఆధునిక హాస్పిస్ సేవలు అనే నాలుగు దశల్లో కొలమానం ఎలా మారిందో వివరిస్తుంది. దాత వితరణ, భవనం, పడకల సంఖ్య, కుటుంబం చూపే కృతజ్ఞత - వీటిలో ఏదీ నాణ్యతకు సరైన కొలత కాదని, రోగి బాధ ఎంత తగ్గిందన్నదే ప్రధాన కొలత కావాలని ప్రతిపాదిస్తుంది. అనకాపల్లి వంటి జిల్లాలో సేవ అందనివారిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే మూల్యాంకనం పూర్తవుతుందని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఉపశమన సంరక్షణ, హాస్పిస్, నాణ్యత, మార్ఫిన్, ఆరోగ్యశాల, పరిచారకుడు, అనకాపల్లి, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో సరుకు విలువ కట్టడానికి స్థిరపడిన కొలతలు ఉన్నాయి. దిమ్మ రంగు, గట్టిదనం, తడి చూసి కొనుగోలుదారు ధర నిర్ణయిస్తాడు. అదే ఊరిలో నయం కాని జబ్బుతో మంచం పట్టిన మనిషికి అందుతున్న సేవ మంచిదో కాదో తేల్చడానికి కుటుంబం చేతిలో ఏ కొలతా లేదు. "బాగా చూసుకున్నారు", "చివరిదాకా ఉన్నారు" అనే మాటలే తీర్పులుగా మిగులుతాయి. ఆ మాటల్లో ఆదరం ఉంటుంది. కానీ రోగి రాత్రి నిద్రపోయాడా, నొప్పి తగ్గిందా, ఏం జరుగుతున్నదో అతనికి తెలుసా అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు.

ఇక్కడ రెండు పదాలను వేరుచేసి చూడాలి. ఉపశమన సంరక్షణ (పాలియేటివ్ కేర్) అంటే తీవ్రమైన వ్యాధితో బాధపడేవారి శారీరక, మానసిక, సామాజిక బాధలను తగ్గించే వైద్యం. వ్యాధిని నయం చేసే చికిత్సతోపాటు దీన్ని మొదటి రోజునుంచే అందించవచ్చు. హాస్పిస్ సేవ ఇందులో ఒక భాగం. నయం చేసే చికిత్సతో ప్రయోజనం లేదని తేలిన తరువాత, జీవితపు చివరి దశలో అందే సంరక్షణ ఇది. ఇది ఒక భవనంలో జరగవచ్చు, ఇంటివద్దనే జరగవచ్చు.

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లానుంచి విడివడి అనకాపల్లి జిల్లా ఏర్పడింది. ఒకవైపు పూడిమడక, పాయకరావుపేట వంటి తీరప్రాంతాలు, మరొకవైపు నర్సీపట్నం, మాడుగుల దిక్కున తూర్పు కనుమల పాదాలు దీని పరిధిలో ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో హాస్పిస్ సేవను మూల్యాంకనం చేయాలంటే ముందుగా కొలమానం ఎక్కడినుంచి వచ్చిందో, అది ఏయే పొరపాట్లను వెంట తెచ్చుకున్నదో తెలుసుకోవాలి.

2. ప్రాచీన వైద్యంలో అసాధ్యరోగి:

భారతీయ వైద్యగ్రంథాలు వ్యాధులను సాధ్యం, యాప్యం, అసాధ్యం అని వర్గీకరించాయి. యాప్యం అంటే పూర్తిగా నయం కాకపోయినా చికిత్సతో నెట్టుకురాగల వ్యాధి. అసాధ్య వ్యాధి విషయంలో చరకసంహిత వైద్యుణ్ణి హెచ్చరిస్తుంది. దాన్ని చేపట్టినవాడు ధనాన్ని, కీర్తిని, విద్యకున్న గౌరవాన్ని పోగొట్టుకుంటాడని చెబుతుంది. అంటే వైద్యుడి నాణ్యతకు కొలత రోగం కుదరడమే. కుదరని రోగం ఆ కొలతకు అందదు కనుక వైద్యుడు దానికి దూరంగా ఉండటమే వివేకమన్న భావన ఏర్పడింది.

అయితే అదే గ్రంథంలో మరొక దారి కూడా ఉంది. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలను చెప్పి, ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలను నిర్దేశించింది. పరిచారకుడికి ఉండవలసినవి ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. సేవ చేసే పద్ధతి తెలియడం, నేర్పు, రోగిపట్ల ప్రేమ, శుభ్రత అన్న ఈ నాలుగూ రోగం కుదరడంతో సంబంధం లేకుండా పరీక్షించదగినవి. ఒళ్లు తుడిచే చేతిలో నేర్పు ఉందా, పక్క మార్చే మనిషికి పుండు పడకుండా చూడటం తెలుసా అని అడగవచ్చు. వైద్యుడి పాదంలో అసాధ్యరోగికి దొరకని చోటు పరిచారకుడి పాదంలో దొరుకుతుంది. నేటి హాస్పిస్ మూల్యాంకనానికి భారతీయ సంప్రదాయంలో పునాది వెతకాలనుకునేవారు దృష్టి పెట్టవలసింది ఈ రెండవ దారిమీదనే.

3. శాసనాలలో ఆరోగ్యశాల:

గ్రంథంలోని ఆదర్శం సంస్థగా మారినప్పుడు కొలమానం కూడా మారింది. కాకతీయుల కాలానికి చెందిన మల్కాపురం శాసనం (క్రీ.శ. 1261) ఇందుకు ఆంధ్రదేశంలో ముఖ్యమైన ఆధారం. గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులకు గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని ఇచ్చినట్లు, వాటి ఆదాయాన్ని దేవాలయం, మఠం, విద్యార్థులతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రాలకు కేటాయించినట్లు ఈ శాసనం తెలుపుతుంది. పొరుగున చోళరాజ్యంలో వీరరాజేంద్రుని కాలపు తిరుముక్కూడల్ శాసనం 15 పడకల వైద్యశాలను, వైద్యుణ్ణి, పరిచారికలను, నిల్వ ఉంచవలసిన ఔషధాలను పేర్కొంటుంది.

ఈ శాసనాలు పాలకుల ఔదార్యానికి సాక్ష్యాలు. అవి దేన్ని నమోదు చేశాయన్నది మాత్రం గమనించాలి. భూమి, ఆదాయం, సిబ్బంది, పడకలు, మందులు - అన్నీ దాత సమకూర్చినవే. ఆ శాలలో చేరిన రోగికి ఏమి జరిగిందో శాసనం చెప్పదు. అది చెప్పవలసిన పనీ దానికి లేదు. కానీ వితరణను నాణ్యతగా పరిగణించే అలవాటుకు తొలి ఆనవాళ్లు ఇక్కడ కనిపిస్తాయి. దాత పేరు, పడకల సంఖ్య, ప్రారంభ తేదీ చెక్కిన శిలాఫలకం నేటికీ ఆసుపత్రి గోడమీద అదే పని చేస్తోంది.

4. కుష్ఠు, క్షయ ఆశ్రమాలు:

19వ శతాబ్ది చివరనుంచి నయం కాని రోగుల సంరక్షణ తెలుగు నేలపై ప్రధానంగా మిషనరీ సంస్థల ద్వారా సాగింది. కెనడియన్ బాప్టిస్టులు రామచంద్రపురంలో నడిపిన కుష్ఠురోగుల ఆశ్రమం, నిజామాబాదు ప్రాంతపు డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కృషితో 1915లో నెలకొన్న ఆసుపత్రి, అదే దశకంలో మదనపల్లె వద్ద ఏర్పడిన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఈ చరిత్రలో పేర్కొనదగినవి. మందు లేని రోజుల్లో వెలివేసిన మనిషికి నీడ, తిండి, కట్టు దొరకడమే గొప్ప సంగతి.

కానీ ఈ దశలో సంరక్షణకు వేరుచేయడం అనే మరొక అర్థం తోడైంది. రోగిని ఇంటినుంచి, ఊరినుంచి దూరంగా తీసుకువెళ్లడమే సేవకు రూపమైంది. తరువాత మందులు వచ్చి కుష్ఠు, క్షయ వ్యాధులు కుదిరే జబ్బులయ్యాయి. అయినా నయం కానివారికి ఊరి చివర ఒక 'హోం' కావాలన్న భావన ప్రజల మనసులో నిలిచిపోయింది. హాస్పిస్ అనగానే చావుకోసం వెళ్లే చోటు అని జంకే కుటుంబాల భయానికి ఈ చరిత్రతో సంబంధం లేకపోలేదు.

ఈ రెండు దశలను కలిపే ఒక సందర్భం హైదరాబాదులో ఉంది. వనపర్తి సంస్థానానికి చెందిన రాణి కుముదినీదేవి 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠురోగులకోసం శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. 1962లో హైదరాబాదుకు తొలి మహిళా మేయరయ్యారు. నేడు ఆమె పేరిట ఒక ఉపశమన సంరక్షణ కేంద్రం నడుస్తున్నది. కుష్ఠు సేవతో ముడిపడిన పేరు క్యాన్సర్ రోగుల అంతిమదశ సంరక్షణకూ గుర్తుగా మారడం ఒక చరిత్రలోనుంచి మరొక చరిత్ర పుట్టిన తీరును చూపుతుంది.

5. ఆధునిక హాస్పిస్ - కొత్త కొలమానం:

1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఆధునిక ఉద్యమానికి నాంది. నర్సుగా, సామాజిక కార్యకర్తగా, వైద్యురాలిగా మూడు పాత్రల్లోనూ పనిచేసిన ఆమె 'సమగ్ర వేదన' అనే భావనను ప్రతిపాదించారు. శరీరపు నొప్పి, మనసులోని భయం, కుటుంబపు చింత, ఆధ్యాత్మిక సందేహం ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయన్నది దాని సారాంశం. దీనితో కొలమానం దాతనుంచి, భవనంనుంచి రోగి అనుభవంవైపు మళ్లింది.

భారతదేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్ మొదలైంది. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు నొప్పి నివారణ, ఉపశమన సంరక్షణ సంఘాన్ని ఏర్పరచారు. కేరళ ఉద్యమం పడకలను పెంచడానికి బదులు ఇంటివద్ద సేవను, స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలను నమ్ముకుంది. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సంరక్షణ విధానాన్ని ప్రకటించి స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించింది.

తెలుగు ప్రాంతంలో ఈ మార్పుకు కేంద్రం హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. 2006 ప్రాంతంలో డాక్టర్ గాయత్రి పాలట్ నాయకత్వంలో అక్కడ ఉపశమన విభాగం రూపుదిద్దుకుంది. 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు చొరవతో స్పర్శ్ హాస్పిస్ ఉచిత సేవలు ప్రారంభించింది. తరువాత తెలంగాణ ప్రభుత్వం ఉపశమన సంరక్షణను జిల్లా స్థాయికి విస్తరించింది. నిపుణులు, శిక్షణ, ఔషధం మూడూ ఒకచోట కుదిరినప్పుడు సేవ ఎలా పెరుగుతుందో హైదరాబాదు అనుభవం చూపుతుంది. ఆ మూడూ మహానగరంలోనే ముందుగా ఎందుకు కుదిరాయన్న ప్రశ్నకు జవాబు మార్ఫిన్ చరిత్రలో కొంత దొరుకుతుంది.

6. మార్ఫిన్ - మొదటి పరీక్ష:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి 'మూడు మెట్ల నిచ్చెన'ను ప్రకటించింది. నొప్పి తీవ్రతనుబట్టి మందు స్థాయి పెంచడం, నోటిద్వారా ఇవ్వడం, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళ ప్రకారం ఇవ్వడం దాని సూత్రాలు. పై మెట్టుకు మార్ఫిన్ మూలం. అయితే సరిగ్గా అంతకు ముందు సంవత్సరం, 1985లో, భారతదేశంలో మాదకద్రవ్యాల నిరోధక చట్టం అమలులోకి వచ్చింది. కఠిన శిక్షలు, అనేక లైసెన్సులు చూసి మందుల దుకాణాలు, ఆసుపత్రులు మార్ఫిన్‌ను నిల్వ ఉంచడం మానుకున్నాయి. 1997 నాటికి దేశం మొత్తంమీద వైద్య అవసరాలకు మార్ఫిన్ వినియోగం 18 కిలోలకు పడిపోయింది. చట్టబద్ధంగా నల్లమందు సాగుచేసి ప్రపంచానికి ఎగుమతి చేసే దేశంలోనే రోగి నొప్పితో మరణించే పరిస్థితి ఏర్పడింది.

2014లో చట్టాన్ని సవరించి మార్ఫిన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించారు. అనేక లైసెన్సుల స్థానంలో రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒకే గుర్తింపు సరిపోయేలా చేశారు. కాబట్టి నేడు ఏ హాస్పిస్ విషయంలోనైనా అడగవలసిన మొదటి ప్రశ్న భవనం గురించి కాదు. ఆ సంస్థకు మార్ఫిన్ గుర్తింపు ఉందా, మాత్రలు ఏడాది పొడవునా ఆగకుండా దొరుకుతున్నాయా, వాటి రిజిస్టరు సక్రమంగా ఉందా అన్నవే అసలు ప్రశ్నలు. ఇంకొక చిన్న పరీక్ష కూడా ఉంది. మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం దాదాపు తప్పదు. అందువల్ల మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఉందో లేదో చూస్తే, రాసిన వైద్యుడికి శిక్షణ ఉందో లేదో తెలిసిపోతుంది.

7. కొలమానాల శాస్త్రం, భాష:

1966లో అవేదిస్ డోనాబెడియన్ వైద్యసేవల నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల్లో చూడాలని సూచించాడు. ఈ దృష్టితో చూస్తే మల్కాపురం శాసనం నిర్మాణాన్ని నమోదు చేసింది. చరకుని పరిచారక లక్షణాలు ప్రక్రియకు సంబంధించినవి. సాండర్స్ ఆలోచన ఫలితాన్ని ముందుకు తెచ్చింది. భారతీయ నిపుణులు రూపొందించి 2014లో ప్రచురించిన కనీస ప్రమాణాల పట్టిక కూడా తప్పనిసరి అంశాలను, ఆశించదగిన అంశాలను వేరుచేసింది. నొప్పిని అంచనా వేసి నమోదు చేయడం, నోటి మార్ఫిన్ నిరంతరంగా అందుబాటులో ఉండటం, శిక్షణ పొందిన వైద్యుడు, నర్సు ఉండటం అందులో తప్పనిసరి అంశాలు.

ఫలితాన్ని కొలిచే సాధనాల్లో 1991 నాటి ఎడ్మంటన్ లక్షణాల పట్టిక ప్రసిద్ధం. నొప్పి, ఆయాసం, వికారం, దిగులు వంటి ఒక్కొక్క బాధకు సున్నానుంచి పది వరకు అంకె చెప్పమని రోగిని అడుగుతారు. ఇక్కడ తెలుగు పరిశోధకులకు నేరుగా సంబంధించిన సమస్య ఉంది. నొప్పి అనే ఒక్క మాటతో తెలుగువాడి బాధ పూర్తికాదు. సలుపు, పోటు, తీపు, పీకుడు, మంట, తిమ్మిరి అన్నవి వేర్వేరు అనుభవాలు. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం నరాలకు సంబంధించిన నొప్పిని సూచించవచ్చు. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, వేరే తరగతి మందులు తోడు కావలసిరావచ్చు. రోగి "మంటగా ఉందయ్యా" అన్న మాట పట్టికలో "నొప్పి: 7" గా మాత్రమే నమోదైతే చికిత్సకు పనికివచ్చే సమాచారం అక్కడే జారిపోతుంది.

పదింటికి ఎంత అన్న ప్రశ్న చదువుకోని వృద్ధులకు కొత్తగా తోచవచ్చు. రూపాయిలో ఎన్నణాలు, ఎన్ని పైసలు అని అడిగితే జవాబు తేలికగా రావచ్చు. ఇటువంటి పదజాలాన్ని మాండలికాలవారీగా సేకరించి సంరక్షణ సిబ్బందికి అందించడం తెలుగు శాఖలు చేయగల పని. కొలిచే భాష రోగి భాష కానప్పుడు ఎంత కచ్చితమైన సాధనమైనా తప్పు చెబుతుంది.

8. అనకాపల్లికి అన్వయం:

దేశాల స్థాయిలో చేసిన మూల్యాంకనాలు అందరికీ తెలిసినవే. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2010లో వెలువరించిన మరణ నాణ్యత సూచీలో 40 దేశాల్లో భారతదేశం చివరి స్థానంలో నిలిచింది. 2015లో 80 దేశాల్లో 67వ స్థానం వచ్చింది. ఇవి విధానకర్తలను కదిలించవచ్చు గాని, మాడుగుల దగ్గరి పల్లెలో ఉన్న రోగికి ఏమీ చెప్పవు. జిల్లా స్థాయి మూల్యాంకనానికి మూడు విషయాలు ముఖ్యం.

మొదటిది దూరం. అనకాపల్లి, విశాఖపట్నం మధ్య అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖలో 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. పటం మీద ఇవి దగ్గరే. కానీ పక్కమీద కదల్లేని మనిషికి బస్సు దూరం, ఆటో ఖర్చు, తోడు వచ్చేవారి కూలి నష్టం కలిపి లెక్కించాలి. పైగా హాస్పిస్ అవసరం క్యాన్సర్‌కే పరిమితం కాదు. పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం, చివరిదశ గుండెజబ్బు, వార్ధక్యం కూడా ఈ పరిధిలోకి వస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనుభవం ఉత్తరాంధ్రకు ఈ సంగతిని ఇప్పటికే నేర్పింది.

రెండవది ఇల్లు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు ఖరీదైన ఆసుపత్రి చికిత్సను దగ్గర చేసింది. అయితే దాని చెల్లింపులు ప్రధానంగా ఆసుపత్రిలో జరిగే చికిత్సల చుట్టూ అల్లుకున్నవి. ఇంటికి వచ్చి పుండు కడిగే నర్సు సేవ ఆ చట్రంలో ఇమడదు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో వైద్యుడు 104 వాహనంతో గ్రామానికి వచ్చి, మంచం పట్టినవారిని ఇంటివద్ద చూసే ఏర్పాటు చేశారు. ఇటువంటి ఏర్పాటు ఏ పేరుతో నడిచినా హాస్పిస్ సేవకు ఆధారం కాగలదు. అయితే ఆ సందర్శనలో రక్తపోటు మాత్రమే చూశారా, నొప్పిని, నోటిపూతను, పక్కపుండ్లను, చూసుకునేవారి అలసటను కూడా చూశారా అన్నది నాణ్యతా పరీక్ష. రాత్రి రెండు గంటలకు ఆయాసం ఎక్కువైతే ఫోను చేయడానికి ఒక నంబరు, ఎత్తే మనిషి ఉన్నారా అన్నది మరొక పరీక్ష.

మూడవది కుటుంబం చెప్పే మాట. సాధారణంగా సేవాసంస్థలు కుటుంబాల సంతృప్తిని నాణ్యతకు రుజువుగా చూపుతాయి. ఉచితంగా సేవ పొందిన కుటుంబం, అందులోనూ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం, లోపం ఎత్తిచూపడానికి వెనకాడుతుంది. చేసిన మేలు మరవడం తప్పన్న సంస్కారం అందుకు కారణం. పైగా చాలా ఇళ్లలో జబ్బు సంగతి రోగికి చెప్పవద్దని కుటుంబమే వైద్యుణ్ణి వేడుకుంటుంది. అటువంటప్పుడు కుటుంబపు సంతృప్తి, రోగి సంతృప్తి ఒకటే కాకపోవచ్చు. గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని 2018లో సుప్రీంకోర్టు కామన్ కాజ్ తీర్పులో స్పష్టం చేసింది. 2023లో ముందస్తు వైద్య నిర్దేశాల పద్ధతిని సరళం చేసింది. ఈ హక్కు రోగిది. కనుక తన పరిస్థితి తెలుసుకోవాలనుకున్న రోగికి నెమ్మదిగా, దశలవారీగా చెప్పే నేర్పు సిబ్బందికి ఉందా అన్నది కూడా మూల్యాంకనంలో చేరాలి.

ఈ మూడింటికి మించినది మరొకటి ఉంది. ఏ సంస్థను మూల్యాంకనం చేసినా పరిశీలకులు చూసేది దాని రిజిస్టరులో ఉన్న రోగులనే. నర్సీపట్నం అవతల, తీరంలోని మత్స్యకార వాడల్లో రిజిస్టరుకెక్కకుండా మరణించినవారు ఆ లెక్కలో ఉండరు. పదిమందికి అద్భుతంగా సేవచేసి వందమందికి అందని సంస్థ, ఆ వందమందిలో సగంమందికి మార్ఫిన్ మాత్రలు చేర్చగలిగిన సాధారణ సంస్థ - వీటిలో ఏది మేలైనదన్న ప్రశ్నను తప్పించుకోలేము. గ్రామంలో ఏటా సంభవించిన మరణాలను ఆశా కార్యకర్తల సహాయంతో పరిశీలించి, వారిలో ఎందరు చివరి నెలలో నొప్పితో ఉన్నారు, ఎందరికి మందు అందింది అని అడగడమే ఈ ప్రశ్నకు జవాబిచ్చే మార్గం.

9. ముగింపు:

అంతిమదశ సేవలకు కొలమానం వైద్యుడి కీర్తినుంచి దాత వితరణకు, అక్కడినుంచి ఆశ్రమపు నీడకు, చివరకు రోగి అనుభవానికి చేరుకుంది. పాత కొలమానాలు పూర్తిగా పోలేదు. శిలాఫలకం, పడకల సంఖ్య, కృతజ్ఞతా వాక్యాలు నేటికీ నాణ్యతకు బదులుగా చెలామణి అవుతూనే ఉన్నాయి. అనకాపల్లి వంటి జిల్లాలో సేవాసంస్థను ఎంచుకునే కుటుంబానికీ, నిధులిచ్చే ప్రభుత్వానికీ ఉపయోగపడే ప్రశ్నలు వేరు. మార్ఫిన్ ఆగకుండా దొరుకుతున్నదా, శిక్షణ పొందిన నర్సు ఇంటికి వస్తున్నదా, రోగి బాధను అతని మాటల్లోనే రాసుకుంటున్నారా, రాత్రివేళ ఫోను ఎత్తుతున్నారా, మరణం తరువాత ఆ ఇంటికి ఒక్కసారైనా వెళ్లారా అన్నవి ఆ ప్రశ్నలు. వీటిలో దేనికీ పెద్ద భవనం అక్కరలేదు.

అనాయాస మరణం తెలుగువారి నిత్య ప్రార్థనల్లో ఒకటి. దాన్ని అదృష్టానికి వదలకుండా సమాజపు బాధ్యతగా స్వీకరించడమే ఉపశమన సంరక్షణ. ఆ బాధ్యత ఎంతవరకు నెరవేరిందో తేల్చడానికి సేవ పొందినవారి సాక్ష్యంతోపాటు పొందనివారి లెక్క కూడా కావాలి. ఉత్తరాంధ్రలో ఆ లెక్కను మండలాలవారీగా, అక్కడి ప్రజల మాటల్లో సేకరించడం వైద్య, సామాజిక, భాషా పరిశోధకులు కలిసి చేపట్టవలసిన పని.